ఆ కథలో ఆడవాళ్ళు గీతలు

పోయిన ఆగస్టు రెండో శనివారం, మధ్యాహ్నం మూడు గంటలకు, నంద్యాలలో మా చర్చిలో ఆ మాటలు మొదలయ్యాయి. నేను ఆళ్లగడ్డలో బస్సెక్కి దానికోసమే వచ్చాను. ఒక పుస్తకం మా చేతికి ఇస్తారో లేదో ఆ రోజు తేలాలి.

మా కోడలు నంద్యాలలో లెక్కల టీచరు. విక్టోరియా రాణి కాలంలో ఒక ఇంగ్లీషాయన రాసిన ఎగతాళి కథను తెలుగులోకి తెచ్చింది. అందులో లోకం కాగితంలా చదును. మనుషులంతా లెక్కల బొమ్మలు. కథ చెప్పేవాడు ఒక చదరం. ఎన్ని భుజాలుంటే అంత గొప్ప. కూలివాడు త్రిభుజం, గురువులు గుండ్రం. ఆడది మాత్రం ఉత్త గీత. సూదిలా గుచ్చుకుంటుందని ఆమెకు వేరే వాకిలి. నడిచేటప్పుడు నోటితో చప్పుడు చేస్తూ ఉండాలి.

నేను ముసలితనం వచ్చాక అక్షరాలు దిద్దినదాన్ని. ఆళ్లగడ్డలో నాలాంటి ఆడవాళ్ళం కొందరం కూడి చదువుకుంటాం. బైబిలు చదివాం, పాటల పుస్తకం నోటికొచ్చేసింది, ఇంకొకటి కావాలి. చర్చిలో ఉన్న జిరాక్సు మిషన్లో కాపీలు తీయాలంటే పాస్టరు అయ్యగారు ఒప్పుకోవాలి. ఆయనేమో పెద్దలతో మాట్లాడదామన్నారు.

ఆ పెద్దలు మాట్లాడుతూనే ఉన్నారు.

"ఇది దొరల హెచ్చుతగ్గుల మీద ఎగతాళి, అంతే" అన్నాడు రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు.

"కాదు సారూ" అన్నారు అయ్యగారు. "పైనుంచి గోళం దిగొచ్చి చదరానికి ఎత్తంటే ఏందో చూపిస్తాది. అది నలుగురికీ చెప్తే చదరాన్ని జైల్లో పెడ్తారు. ఇది విశ్వాసం కథ."

సంఘపెద్ద ఒప్పుకోలేదు. "ఆడోళ్ళను గీతలంటాడేందప్పా? మన ఆడోళ్ళకు ఇట్లాంటిది వద్దు."

"ఆడవాళ్ళను తక్కువ చేసేవాళ్ళనే ఎగతాళి చేసినాడయ్యా" అన్నాడు లెక్చరరు.

"అట్లని యాడ రాసినాడు?"

"రాయడు. మనమే తెలుసుకోవాల."

కోడలు మెల్లగా అంది: "తర్వాత అచ్చేసినప్పుడు, చదరం ఆడవాళ్ళ మీద మనసు మార్చుకున్యాడని ముందుమాటలో ఉంది."

"అది తిట్లు పడినాక సర్దుకున్యాడులే" అన్నాడు సంఘపెద్ద. మళ్ళీ మొదటికొచ్చారు. వినీ వినీ నాకు తల వేడెక్కింది.

నాతో వచ్చిన గాజులామె కూడా మాతో చదువు నేర్చుకున్నదే. నా మోచేయి గిల్లింది.

"అక్కా, మనం యాడినుంచి లోపలికొచ్చినాం?"

"పక్క వాకిట్లోంచి."

"ఎందుకు? ఈ పొద్దు ఆరాధన గూడా లేదు గదా?"

నిజమే. ఆరాధనప్పుడు ఆడవాళ్ళం ఆ వాకిట్లోంచే వస్తాం, ఆ పక్కనే చాపల మీద కూర్చుంటాం. ఆ రోజు ఎవరూ చెప్పకుండానే అట్లే వచ్చి కూర్చున్నాం. కుర్చీలన్నీ మగవాళ్ళ పక్కన ఉన్నాయి.

"పైగా లోపల మగోళ్ళున్నారని దగ్గుతా వచ్చినాం" అంది.

నేను లేచాను.

"అయ్యగారూ, ఆ కాగితాలు ఇట్లీండి."

"మాట్లాడతాండాం గదమ్మా."

"మాట్లాడుకోండి. ఆయన ఎవుర్ని ఎగతాళి చేసినాడో మేం చదివి తెలుసుకుంటాం."

ఆయన ముందున్న కాగితాలు అందుకుని, వేరే వాకిలి సంగతి ఉన్న పేజీ తీసి పైకి చదవడం మొదలుపెట్టాను. నా చదువు నెమ్మది. లెక్చరరు నాకంటే ముందు మాట అందించబోయాడు.

"సారూ, నన్ను చదవనీ."

పేజీ అయ్యేసరికి గాజులామె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. సంఘపెద్ద పక్క వాకిలి వైపు చూసి తల దించుకున్నాడు.

"జిరాక్సు సంగతి తర్వాత చూద్దాంలేమ్మా" అన్నారు అయ్యగారు, విసుగ్గా.

"చూడండి. ఇది మాత్రం నేను ఎత్తుకపోతాండా" అని కాగితాలు సంచిలో వేసుకున్నాను.

ముందు వాకిట్లోంచి బయటికి పోదామనుకున్నాం. కానీ మా చెప్పులు పక్క వాకిలి దగ్గరే ఉన్నాయి.

ఆ రోజు అక్కడ ఉన్నది అయ్యగారు, లెక్చరరు, సంఘపెద్ద, మా కోడలు, గాజులామె, నేను.