మంచు చట్టం ఎవరింటిది?

ఆ న్యాయ పరిశోధన సంస్థలో, మేడ మీద, వసారా చివర ఒక గది ఉంది. లోపలికి వెళ్తే గోడలు కనిపించవు, అన్నీ ఇనుప అరలే. అరల నిండా దేశదేశాల చట్టాలు. ఒక దేశంలో పుట్టిన చట్టం ఇంకో దేశానికి ఎలా పోయింది, పోయాక ఎలా మారింది, అక్కడి కోర్టులు దాన్ని ఏం చేశాయి అని పోల్చి చూసేవాళ్ల కోసం పెట్టిన గది అది. ముప్పై ఒక్క ఏళ్లు ఆ గదిని కంటికి రెప్పలా చూసుకున్నది ఒక అటెండరు. చదివింది ఎనిమిదో తరగతి. ఊరు దాటింది మూడే మూడుసార్లు, మూడూ పెళ్లిళ్లకే, అందులో ఒకటి ఆయనదే. సంస్థలో చిన్నాపెద్దా అందరూ ఆయన్ని చుట్టాలాయన అనేవారు.

ఆ పేరు రావడానికి కారణం పెద్దసారు. చట్టాల మీద లావుపాటి పుస్తకాలు రాసే ఆచార్యుడు ఆయన. అటెండరు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు పని తొందరలో ఒక పుస్తకం చేతికిచ్చి, "దీన్ని ఆ ఎర్ర అట్ట పుస్తకం పక్కన పెట్టవయ్యా, అది దీనికి తల్లి" అన్నాడు. దాన్ని చూసి దీన్ని రాసుకున్నారు అని ఆయన ఉద్దేశం. అటెండరు పుస్తకం పెట్టి వచ్చి, చేతులు దులుపుకుంటూ అడిగాడు.

"మరి తండ్రి ఎవరు సార్?"

పెద్దసారు కళ్లజోడు తీసి అతని వంక చూశాడు. ఆ ప్రశ్న మీద ఆయన అప్పటికి రెండేళ్లుగా కొట్టుకుంటున్నాడు మరి. ఆ రోజు మధ్యాహ్నం వరకూ ఇద్దరూ నేలమీద కూర్చుని ఆ చట్టానికి తండ్రిని వెతికారు. దొరికాడు. ఇంకో ఖండంలో ఉన్నాడు.

ఇక చూసుకోండి. అప్పటినుంచి ఆ గదిలో పుస్తకాలు దేశం పేరు చూసి కాదు, చుట్టరికం చూసి సర్దుకోవడం మొదలైంది. తల్లుల పక్కన కూతుళ్లు, అన్నల కింద తమ్ముళ్లు. మేనత్త పోలిక వచ్చినవాటికి ఒక వరస. పరాయి దేశాన్ని ఏలడానికి వచ్చినవాళ్లు వెంట తెచ్చి, పోతూ పోతూ అక్కడే వదిలేసిపోయిన చట్టాలకి ఒక బీరువా. దానికి ఆయన పెట్టిన పేరు 'అద్దెకొచ్చి ఇల్లు ఆక్రమించినవి'. ఎక్కడినుంచి వచ్చాయో ఎవరికీ అంతుబట్టనివి కొన్ని ఉండేవి. వాటిని తన కుర్చీకి దగ్గరగా, చేయి చాస్తే అందేటట్టు పెట్టుకున్నాడు. "దిక్కులేనివి సార్, కాస్త కనిపెట్టుకుని ఉండాలి" అనేవాడు. ప్రతి పుస్తకంలోనూ గుండ్రటి అక్షరాలతో ఒక చీటీ: ఇది ఫలానా వారి అమ్మాయి, ఫలానా ఇంటికి వెళ్లింది, ప్రస్తుతం క్షేమం.

ఈ సంగతులన్నీ సాయంత్రం ఇంటికి మోసుకొచ్చేవాడు. భార్య వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, ఎదురుగా పీట వేసుకుని కబుర్లు చెప్పేవాడు. ఆమె ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. కూడబలుక్కుని చదవగలదు, అంతే. అయితేనేం, పక్కింటివాళ్ల సంగతులు తెలిసినట్టే దేశాల సంగతులూ తెలిసేవి.

"ఆ చలిదేశం విడాకుల చట్టం ఎలా ఉంది?" అని అడిగేది.

"దాన్ని రద్దు చేశారట."

"అయ్యో! మొన్నటిదాకా బాగానే ఉందన్నావుగా? మరి దాని చెల్లెలో?"

"చెల్లెలికేం, దుక్కలా ఉంది. మొన్ననే కొత్త సవరణ కూడా కుట్టించుకుంది."

ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో వాళ్లిద్దరికీ ఆస్తుల గురించి గొడవ రాలేదు, రావడానికి ఆస్తులు లేవు కాబట్టి. వచ్చిందల్లా మంచు చట్టం గురించి.

దాని కథ ఇది. ఒక చలిదేశంలో, మంచు కురిసే నెలల్లో అద్దెకున్నవాళ్లని ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదని చట్టం చేశారు. అది బాగుందని చాలా దూరంలో ఉన్న ఒక వేడిదేశం వాళ్లు ఎత్తి రాసుకున్నారు. ఎత్తి రాయడమంటే అక్షరం పొల్లుపోకుండా, మంచుతో సహా. అక్కడ మంచంటే పెట్టెలో గడ్డకట్టించుకోవాల్సిందే. అందుకని ఆరేళ్లు ఆ చట్టం ఎవరికీ పనికి రాకుండా పడి ఉంది. ఏడో ఏట ఒక ఇంటాయన, కుట్టుపని చేసుకునే ఒకావిడ ట్రంకుపెట్టెను, కుట్టుమిషనును హోరువానలో వీధిలో పెట్టించాడు. ఆవిడ తిన్నగా కోర్టుకు పోయింది. "మంచు ఎక్కడుందో చూపించమనండి" అని ఇంటాయన వకీలు నవ్వాడు. జడ్జిగారు నవ్వలేదు. ఈ చట్టం చూసింది మంచుని కాదు, బయట నిలబడ్డ మనిషిని. ఈ దేశంలో వానే మంచు అన్నాడు. ఆవిడ మిషను మళ్లీ ఇంట్లోకి వచ్చింది. అక్కడినుంచి ఆ చట్టం ఒక దీవికి వెళ్లి తుఫాను నెలల చట్టమైంది. చివరికి దాన్ని కన్న చలిదేశమే దీన్ని చూసి, వడగాడ్పుల నెలలు కూడా కలుపుకుంది.

ఇప్పుడు గొడవేమిటంటే, ఆ వేడిదేశం తీర్పు అచ్చయిన పలచటి నీలం అట్ట పుస్తకం ఎక్కడ ఉండాలి?

"పుట్టింట్లో, చలిదేశం అరలో" అనేవాడు ఆయన. "నుదుటి మీద మంచు అని రాసుకుని తిరుగుతుంటే ఇంకెవరింటిది అంటావు? పుట్టుక పుట్టుకే."

"నుదుటి మీద ఏముంటే ఏం? ఆ ఇంట్లో వానకి తడిసింది, ఎండకి ఎండింది, ఆ ఇంటివాళ్ల కోసం కోర్టులో నిలబడింది. ఇంకా పుట్టింటి పిల్లేనా? నువ్వు చెప్పేది ఎలా ఉందంటే, నేనింకా మా అన్నయ్య ఇంటి మనిషినే అన్నట్టుంది."

"నువ్వు వేరు, చట్టం వేరు."

"ఏం వేరు?"

ఏం వేరో ఆయన ఎప్పుడూ చెప్పలేకపోయాడు. కానీ ఒప్పుకోనూ లేదు. పదకొండేళ్లు నడిచింది ఆ వాదన. మధ్యలో ఆమె తల్లి పోయింది. పదిహేను రోజులు ఉండి వస్తానని అన్నయ్య ఇంటికి వెళ్లిన మనిషి, ఆరో రోజు పొద్దున్నే సంచీతో గుమ్మంలో నిలబడింది. "ఏమిటి, ఇంత తొందరగా వచ్చేశావు?" అన్నాడు ఆయన. "మన ఇంటికి రావడానికి తొందరేమిటి" అని ఆమె తిన్నగా పొయ్యి దగ్గరికి పోయింది. ఆ రోజు మాత్రం చట్టాల మాట ఎవరూ ఎత్తలేదు. వారం తిరక్కుండా మళ్లీ మొదలు.

ఎనిమిది నెలల కిందట, ఒక గురువారం ఉదయం, ఆఫీసుకు బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకోవడానికి మంచం మీద కూర్చున్నాడు. మూడు గుండీలు పెట్టాడు. నాలుగోది ఆమె పెట్టాల్సి వచ్చింది.

ఆయన పోయాక ఆ ఇంట్లోకి ఏ దేశమూ రాలేదు. ఆమె చిక్కుడుకాయలు కొనడం మానేసింది.

ఒక శుక్రవారం పొద్దున ఫోను మోగింది. సంస్థలో కొత్తగా చేరిన లైబ్రేరియన్ అమ్మాయి.

"అమ్మా, మీరు ఒక్కసారి రాగలరా? మంచు చట్టమట. నీలం పుస్తకమట. మూడు రోజులనుంచి వెతుకుతున్నాం."

ఆడపడుచు ఆ వీధిలోనే ఉంటుంది. వాళ్ల అన్నకున్న నోరు, దానికి ఇంకాస్త. "నేనూ వస్తా పద వదినా. నువ్వు అక్కడికి పోయి మాట్లాడకుండా కూర్చుంటే, ఈవిడని ఎందుకు పిలిచామా అనుకుంటారు" అని చెప్పులేసుకుంది.

గది తలుపు తీయగానే పాత కాగితాల వాసన కొట్టింది. ఆయన చొక్కాలకి ఉండే వాసనే. ఆమె గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగింది. పెద్దసారు కుర్చీలోంచి లేచాడు. ఆయనకీ వయసు మీద పడింది, లేవడానికి బల్ల సాయం కావాల్సి వచ్చింది.

"రామ్మా, రా. నా పుస్తకం అచ్చుకి పోతోంది. ఆ తీర్పులో ఒక పేజీ నా కళ్లతో చూసుకోవాలి. ప్రపంచంలో ఇంకెక్కడన్నా ప్రతి ఉందో లేదో నాకు తెలీదు. ఇవాళ సాయంత్రంలోగా చూడకపోతే ఆ అధ్యాయం తీసేయాలి."

"అది సారు గొడవ," అంది లైబ్రేరియన్. ముక్కుసూటి పిల్ల. "నాది ఇంకోటి. మీకు చెప్పకపోతే తప్పవుతుంది. ఈ సర్దుడు ఎవరికీ అర్థం కావట్లేదమ్మా. మేనత్త వరసట! ఏ అర ఏ ఇంటిదో ఎక్కడా రాసి కూడా లేదు. ఆ పుస్తకం దొరక్కపోతే సోమవారం నుంచి అన్నీ దింపేసి, దేశాల పేర్ల ప్రకారం నంబర్లు వేసి పెట్టమని కమిటీ చెప్పింది. దొరికితే ఆలోచిస్తామన్నారు."

ఆమె అరల వంక చూసింది. ముప్పై ఒక్క ఏళ్ల చుట్టరికం. సోమవారానికి తల్లులు ఒక మూల, పిల్లలు ఒక మూల.

"మా అన్నయ్య బతికుంటే ఈ పిల్లని మెట్లమీదే ఆపేసేవాడు" అని ఆడపడుచు చెవిలో గొణిగింది.

"ఊరుకో" అని ఆమె ముందుకు నడిచింది. చెంగు నడుముకు దోపుకుంది. ఆయన చెప్పగా చెప్పగా ఆ గది ఆమెకి తన వంటిల్లంత తెలుసు. "మూడో వరస, కిందనుంచి రెండో అర. చలిదేశం వాళ్ల ఇల్లు. వెతకాల్సిన పని లేదమ్మాయ్. మా ఆయన పదకొండేళ్లు పోట్లాడింది దాని గురించే. పుట్టింట్లోనే ఉంటుంది."

లేదు.

పక్క అరలో చూశారు. పెదనాన్నల అరలో చూశారు. వెనక పడిందేమోనని ఆడపడుచు చేయి దూర్చి, బూజూ, ఒక పాత పెన్సిలూ బయటికి తీసింది. పుస్తకం లేదు.

"బాగుంది వదినా! ఇరవై తొమ్మిదేళ్లు చెవులప్పగించి విన్నది ఇదా? మా అన్నయ్య గోడకి చెప్పుకున్నా ఇంతకంటే నయం."

"నువ్వు చెల్లెలివిగా, నీకు చెప్పలేదేం?"

"చెప్పబోయేవాడు. నేను నిద్రపోయేదాన్ని."

పెద్దసారు నవ్వాడు గానీ, చేతి గడియారం చూసుకున్నాడు. లైబ్రేరియన్ చేతిలో పట్టుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. అదే ఆమెకి గుచ్చుకుంది. ఆ పిల్ల గెలిచినందుకు సంతోషించినా బాగుండేది. జాలిపడుతోంది.

ఆమె నిచ్చెన మెట్టు మీద కూలబడింది. ఆయన చేతిలో పుస్తకం పోవడమంటూ ఉండదు. మరి ఎక్కడ? ఎవరికన్నా ఇచ్చాడా? ఇస్తే ఇంటికొచ్చి చెప్పకుండా ఉంటాడా?

లైబ్రేరియన్ వచ్చి పక్కన నిలబడింది. ఊరికే, ఆమెని మాట్లాడించడానికన్నట్టు అడిగింది. "పోట్లాడేవారన్నారు కదా. మీ వాదన ఏమిటి? మీరైతే ఎక్కడ పెట్టేవారు?"

"నేనా? నేనైతే అత్తింట్లోనే పెడతాను. వేడిదేశం అరలో. కానీ ఆయన ఒప్పుకుంటేగా..."

మాట మధ్యలోనే ఆగింది. లేచింది. కిటికీ పక్క వరస వైపు, పెద్దగా నమ్మకం లేకుండానే నడిచింది. వేడిదేశం అర ఆమె తలకంటే కాస్త ఎత్తులో ఉంది. మునివేళ్ల మీద నిలబడి చూపుడువేలితో ఒక్కొక్క పుస్తకం వీపూ తడుముతూ పోయింది. వారసత్వం, వాగునీళ్లు, వకీళ్ల నడవడి... వాటి మధ్య, పెద్దవాళ్ల మధ్య ఒదిగి కూర్చున్న కొత్తకోడల్లా, పలచటి నీలం అట్ట.

"సార్" అంది. పుస్తకం కిందికి తీసింది.

పెద్దసారు బల్ల సాయం కూడా లేకుండా లేచి వచ్చాడు. పుస్తకం తెరిచేసరికి అందులోంచి చీటీ జారింది. ఆమె వంగి తీసుకుని, కిటికీ వెలుతురుకు పెట్టి, పెదవులు కదుపుతూ కూడబలుక్కుంది. గుండ్రటి అక్షరాలే. 'పుట్టిల్లు: చలిదేశం అర' అన్న వరస మీద గీత కొట్టి ఉంది. దాని కింద, ఆఫీసు కాగితాల మీద రాసే పద్ధతిలో:

'ఇంటావిడ చెప్పిన కారణములు సబబుగా ఉన్నందున, ఈ పుస్తకము తన ఇంటికి చేర్చడమైనది.'

కింద సంతకం. తేదీ.

తేదీ చూసి ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. సంచీతో గుమ్మంలో నిలబడ్డ రోజు. ఆ రోజు తనని పొయ్యి దగ్గర వదిలి, ఆఫీసుకు వచ్చి, చేసిన మొదటి పని ఇదన్నమాట.

"నాలుగేళ్ల కిందటే ఓడిపోయాడు" అంది నెమ్మదిగా. "ఓడిపోయి, ఆ తర్వాత మూడేళ్ల పైచిలుకు నాతో వాదించాడు! రోజూ! పీట వేసుకుని మరీ!"

"మా అన్నయ్యా? ఓడిపోయాడా? ఏదీ, చూడనీ" అని ఆడపడుచు చీటీ లాక్కోబోయింది. ఆమె ఇవ్వలేదు. గుప్పిట్లో పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. మధ్యలో చెంగుతో కళ్లు ఒత్తుకుని మళ్లీ నవ్వింది. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి కాబట్టి ఆడపడుచు కూడా నోరు మూసుకుని నిలబడింది.

పెద్దసారు నిలబడే ఆ పేజీ చదివాడు. తర్వాత ఇంకో పేజీ చదివాడు. "అమ్మా, నా అధ్యాయం నిలబడింది. కానీ నేను ముప్పై పేజీలు రాసి, అందులో మీ ఆయన పక్షమే వాదించాను. అరువు తెచ్చుకున్న చట్టానికైనా పుట్టుక పుట్టుకేనని. ఇప్పుడేం చేయమంటావు?"

"మా ఆయన చేసిందే చేయండి సార్. గీత కొట్టండి."

లైబ్రేరియన్ కిటికీ అంచున చేయి ఆనించి నిలబడి ఉంది. "కమిటీకి దొరికిందని చెబుతాను. ఎలా దొరికిందో చెబితే మాత్రం నా ఉద్యోగం పోతుంది" అంది. "ఒకటి చేద్దాం. పుస్తకాల వీపు మీద నంబర్లు నేను వేసుకుంటాను, వెతుక్కోవడానికి. ఏ పుస్తకాన్నీ దాని చోటు నుంచి కదపను. కానీ ఎవరు ఎవరికి ఏమవుతారో మీరు వచ్చి రాయించాలి. నాకు తోడికోడలికీ మేనకోడలికీ తేడా తెలీదు."

"అది కూడా తెలీకుండా నీకు ఉద్యోగం ఎవరిచ్చారే తల్లీ?" అంది ఆడపడుచు.

"వారానికి రెండు రోజులు వస్తాను," అంది ఆమె. "బుధవారం, శుక్రవారం. ముందు ఆ కుర్చీ పక్కన ఉన్న దిక్కులేనివాటి సంగతి చూడాలి. వాటిని ఇన్నాళ్లు ఎవరూ పలకరించి ఉండరు."

మెట్లు దిగుతున్నప్పుడు ఆడపడుచు అడిగింది. "ఆ చీటీ పుస్తకంలో పెట్టేశావా వదినా?"

ఆమె సంచీని చంకలో ఇంకాస్త గట్టిగా అదుముకుంది.

బుధవారం వెళ్లి చూస్తే నీలం పుస్తకంలో కొత్త చీటీ ఉంది. లైబ్రేరియన్ పిల్ల కోడిగీతల రాతతో రాసింది: ఇల్లు: ఇదే. ప్రస్తుతం క్షేమం. పాత చీటీ ఏమైందని ఆ గదిలో ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఇంటికి వెళ్తూ ఆమె దారిలో అరకిలో చిక్కుడుకాయలు కొంది.