ద్రాక్ష తీగ గిలాస

శనివారం మధ్యాహ్నం నుంచి లిదియా కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. చర్చిలో ఆదివారం ద్రాక్షరసం పంచే సంస్కారపు గిలాస కడుగుతుంటే అంచు కుళాయికి టక్కున తగిలింది. వేలితో తడిమితే బియ్యపు గింజంత ముక్క లేదు.

అది అంగట్లో దొరికే గిలాసా ఏమన్నా! నూరేళ్ల కింద మిషన్ దవాఖానకు వచ్చిన ఓ అమెరికా డాక్టరమ్మ ఓడలో తెచ్చుకుని, చర్చికి ఇచ్చిపోయిన డజనులోది. సన్నటి కాడ, దాని చుట్టూ కోసిన పలకలు, పైన చెక్కిన ద్రాక్ష తీగ. ఇప్పుడు మిగిలినవి రెండే. ముప్పయ్యొక్క ఏళ్లుగా వాటిని కడిగేది లిదియానే. ఆ దవాఖానలో ఆయా పని ఎప్పుడో అయిపోయింది, మోకాళ్లు అరిగిపోయాయి. ఈ ఒక్క పని కోసమే కొత్తవాడ నుంచి ఆటోలో వస్తుంది.

చెబితే కండ్లు కనబడక పగలగొట్టిందంటారు, పని పడుచుపిల్ల మౌనికకు అప్పజెబుతారు. అందుకే పగులును గోడవైపు తిప్పి బీరువాలో పెట్టి, తేలు కుట్టిన దొంగలా ఇంటికి పోయింది. ఏం తెలివి! సంఘపెద్ద జ్ఞానప్రకాశం ఒక్కొక్కరు తాగగానే అంచు తుడిచి, గిలాసను కాస్త తిప్పి పక్కవారికిస్తాడు. ఆ పగులు ఎవరో ఒకరి పెదవి కోయక మానదు.

ఆదివారం ఆరాధనలో ఒక్క పాటా నోటికి రాలేదు. నాలుగో వరుసలో పైట కొంగు మెలిపెడుతూ కూర్చుంది. జ్ఞానప్రకాశం గిలాస పట్టుకుని మొదటి వరుసకు వచ్చాడు. మొదట మౌనికే. లిదియా ఇక ఆగలేకపోయింది. లేచి, అడ్డమొచ్చిన మోకాళ్లను తోసుకుంటూ పోయి అతని చెయ్యి పట్టుకుంది.

"తమ్మీ, ఆగు! అంచు పలిగింది. నేనే పలగ్గొట్టిన."

చర్చిలో అందరూ అటే చూశారు. జ్ఞానప్రకాశం గొంతు తగ్గించాడు. "ఎరికే అక్కా. అది పక్కకు పెట్టిన. ఇది రెండోది."

"నీకెట్ల ఎరుక?"

"నువ్వు కడిగి పోయినంక నేను మళ్ల కడుగుతాన గదా. రెండేండ్లాయె. నీ కండ్లకు మరకలు కనిపిస్తలేవు."

"రెండేండ్లా! నాకెందుకు చెప్పలే?"

"చెప్తే శనివారం నువ్వు ఎక్కడికి పోతవక్కా?"

లిదియాకు కోపమొచ్చింది, సిగ్గేసింది, ఆ వెంటే ఏడుపూ వచ్చింది. తన చోటికి పోయి కూర్చుంది. గిలాస తనదాకా వచ్చినప్పుడు రెండు చేతులా అందుకుని తాగింది. జ్ఞానప్రకాశం గుడ్డ తీసేలోపే అంచును తన కొంగుతో తుడిచి పక్కామెకు ఇచ్చింది.