పెట్టెల పండుకున్న చెవి మిషన్

పెన్‌పహాడ్ దిక్కు ఐలమ్మ అంటే ఎరుగనోళ్లు లేరు. నోరు కత్తి. చెవులు మాత్రం ఎప్పుడో మొద్దుబారినయ్. ఎవరన్న గట్టిగ మాట్లాడితే, "అరుస్తవెందుకు? నీకే మాట సక్కగ రాదు" అని ఎదుటోళ్లనే తిట్టేది. పెనిమిటి పోయిన కాడినుంచి గొర్ల మందే ఆమె లోకం. పొద్దుగాల దొడ్డి తడిక తీసి మందను తోలుకపోతే మళ్ల పొద్దుగూకినంకనే ఇల్లు.

ఓనాడు మందను రోడ్డు దాటిస్తుంటే వెనుకనుంచి లారీ హారన్ మీద హారన్ కొట్టింది. ఆమెకు వినవడలే. డ్రైవర్ బ్రేకు తొక్కి, దిగి నానా మాటలన్నడు. మనిషికి, గొర్లకు ఏం కాలే గని, ఆ ముచ్చట ట్రాక్టర్ నడిపే కొడుకు తిరుపతికి తెల్సింది.

"ఇగ చాలమ్మా! ఆదివారం మందను అంగడికి తోలుత. నువ్వు లారీ కింద పడితే ఈ గొర్లను ఏం చేసుకోవాలె?" అని తల్లి చెవికాడ అరిచిండు.

ఐలమ్మ ఆ పూట బువ్వ ముట్టలే. గొర్లు పోతే పొద్దంత అరుగు మీద కూసోని ఈగలు కొట్టుకోవాలె. అదీ ఒక బతుకేనా?

కోడలు రజని దగ్గరికొచ్చి అడిగింది. "అత్తమ్మా, నిరుడు చెవుల క్యాంపుల నీకు మిషన్ ఇచ్చిండ్రు గదా, ఏది?"

ఐలమ్మ రేకుపెట్టె తెరిచి చీరల అడుగుకెళ్లి ఓ మూట తీసింది. మూటల డబ్బా, డబ్బల మిషన్. పెట్టుకున్న జాడే లేదు.

"గిట్ల దాసినవేంది?"

"మరి పోతే? సర్కారు గొర్ల చెవులకు బిళ్లలు వెయ్యలేదా? మన వాడకట్టు యాదయ్య గొర్రె సచ్చిననాడు బిళ్ల దొరకక బీమా రాకపాయె. చెవికని సర్కారు ఏదిచ్చినా భద్రంగ ఉండాలె. రేపు పింఛను కాడ సూపియ్యమంటే?"

రజని నవ్వీ నవ్వీ గోడకు ఆనుకున్నది. "నువ్వేమన్న గొర్రెవా అత్తమ్మా! అది సూపిచ్చేటందుకు గాదు, పెట్టుకునేటందుకు."

తెల్లారి ఇద్దరు బస్సెక్కి సూర్యాపేట దవాఖానకు పోయిండ్రు. అక్కడ చెవులు చూసే పిల్ల దీవెన. మిషన్‌ను అటిటు తిప్పి, "ఊకెనే పడి ఉండి లోపలి సెల్లు అయిపోయింది. చెవిల పట్టే అచ్చు గూడ వదులైంది. మళ్ల ఎందుకు రాలే అవ్వా?" అన్నది.

"ఒక్కపారి ఇచ్చినంక అయిపోలే?"

"అయిపోదు. సౌండు ఎక్కువతక్కువైతే మేమే సరిజేస్తం. అప్పుడప్పుడు చెవులు గూడ పరీక్ష చేస్తం. పైస తీసుకోం. నువ్వు రాకుంటే, నీకు రావాల్సింది నువ్వే ఇడిసిపెట్టినట్టు."

ఆ మాట ఐలమ్మకు సుర్రుమన్నది. తనకు రావాల్సింది ఇడిసిపెట్టే మనిషి కాదామె. "ఇంకేమేం ఉన్నయ్ నాకు?" అని నిలదీసింది. కండ్లు, పండ్లు, బీపీ, షుగరు, ఆ పొద్దు ఏ గదినీ వదలలే. వెంట తిరిగిన రజనికే కాళ్లు గుంజినయ్.

కొత్త సెల్లు ఏసి సరిజేసిచ్చిన మిషన్ పెట్టుకోని గేటు దాటంగనే లోకమంత మీద పడ్డట్టయింది. ఆటోలు, చెప్పుల చప్పుడు, కోడలి గాజులు. "గింత లొల్లిల ఎట్ల బతుకుతున్నరే మీరు?" అని పీకబోయింది. మొదట్ల గిట్లనే ఉంటది, రోజు పెట్టుకుంటెనే అలవాటయితదని దీవెన ముందుగాలనే చెప్పింది. ఐలమ్మ పంతం పట్టింది. తిట్టుకుంటనే పెట్టుకోని తిరిగింది. తిరుపతి మాత్రం నమ్మలే. నాలుగు దినాలైతే మళ్ల పెట్టెల పడేస్తదనుకున్నడు.

ఆదివారం పొద్దుగాల ట్రాలీ ఆటో వచ్చి దొడ్డి ముందట ఆగింది. తిరుపతి డ్రైవర్ పక్కకు పోయి మెల్లగ, "జల్ది ఎక్కియ్యే అన్నా. మా అమ్మ లోపల ఊడుస్తుంది. చూసేలోపట ఖతం గావాలె. ఆమెకెట్లాగు వినవడది" అన్నడు.

"వినవడుతుంది బిడ్డా!" తడిక అవతలినుంచి ఐలమ్మ గొంతు.

తిరుపతి తడిక దిక్కు మర్లిండు. తల్లితోటి మెల్లగ మాట్లాడి ఎన్నేండ్లాయెనో. నిలవడ్డ కాడనే ఇంకింత మెల్లగ, "అమ్మా" అన్నడు.

"ఏందిరా? గొర్లతోటి నన్ను గూడ ఎక్కిస్తుంటివా?"

డ్రైవర్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగిండు. తిరుపతి తల గోక్కున్నడు. "సరే, మంద ఉండనియ్యి. పెద్దరోడ్డు ఎక్కనని ఒట్టేస్తెనే."

"కాలువ గట్టు పొంటి పోత తియ్యి. ఇప్పుడు ఆ లారీలోళ్ల బూతులు గూడ సక్కగ వినవడతయ్, నాకెందుకు?"

ఆటో ఉత్తగనే మర్లిపోయింది. ఐలమ్మ కొడుకును కిందికి మీదికి చూసింది.

"రేపు నువ్వు గూడ సూర్యాపేటకు రావాలె. మిషన్ పెట్టుకున్న కాడినుంచి వింటున్న, టీవీ ఊరందరికి వినవడేటట్టు పెడుతున్నవ్. ట్రాక్టర్ మోతకు నీ చెవులు పోతున్నయో ఏమో."

"నాకేమైతుందమ్మా?"

"ఏమైతుందో ఆ దీవెన చెప్తది. తొలి బస్సుకు తయారుండు" అని, మందను కాలువ దిక్కు మలిపింది.