ఖాళీ గది వదిలిన పండితుడు

నిన్న మధ్యాహ్నం మనవరాలు చెవుల్లో ఏవో పెట్టుకుని, మూలకాల పేర్లన్నీ ఇంగ్లీషు పాటలా పాడుకుంటూ ఉంటే, వంటింట్లో నాకు చెయ్యి ఆడలేదు. పొయ్యి మీద పులుసు మాడింది కూడా. మన ఈడు వాళ్లకి చెప్పక్కర్లేదు, చెవిన ఒక రాగం పడితే చాలు, మనిషి ఎక్కడికో వెళ్లిపోతుంది.

యాభైలలో అమలాపురం దగ్గర అగ్రహారంలో మా ఇల్లు. తాతగారు ఘనాపాఠి, వీధి అరుగు మీద శిష్యులకి వేదం చెప్పేవారు. నేను కాలువ గట్టున నడిచి హైస్కూలుకి వెళ్లేదాన్ని. స్కూలు ఫైనలు అయ్యాక గోదావరి దాటి కాకినాడ కాలేజీలో చేరాలని ప్రాణం కొట్టుకునేది కానీ, ఆ మాట తాతగారు అనాలి తప్ప నాన్నగారు కూడా అనలేరు.

ఒక రోజు ముసురు పట్టి, కొబ్బరాకుల మీంచి నీళ్లు కారుతూ, ఊరంతా నిద్రమత్తులో ఉన్నట్టుంది. రష్యా పండితుడొకాయన మూలకాలని బరువు ప్రకారం పేర్చి, ఒకే గుణమున్నవి మళ్లీ మళ్లీ ఒకే వరసలోకి రావడం గమనించి గీసిన పాత పట్టికని సైన్సు మేష్టారు బోర్డు మీద వేస్తే, దాన్ని నేను పెరటి వసారాలో వల్లె వేస్తున్నాను. రోజూ వినే స్వరం కదా, నాకు తెలియకుండానే లిథియం, బెరీలియం వేదపనసలా పైకీ కిందికీ వెళ్లాయి. అరుగు మీద పాఠం ఆగిపోయింది. ఆడపిల్ల వేదస్వరం ఎత్తడమేమిటని నాయనమ్మ బుగ్గలు నొక్కుకుంది. నా చదువు ఇంతటితో సరి అనుకున్నాను.

తాతగారు పిలిచి అడిగింది మాత్రం వేరు.

"అమ్మడూ, ఆ తుత్తునాగం తరవాత ఆగేవేం? మరిచిపోయేవా?"

"లేదండీ తాతగారూ, జింకు పక్కన ఖాళీ గది ఉందండీ."

గుణం కుదరని దాన్ని ఇరికించకుండా ఆ పండితుడు అక్కడ చోటు వదిలాడనీ, ఇంకా ఎవరూ చూడనిదొకటి ఉండి తీరాలన్నాడనీ, మన సంస్కృతంలోని ఏక శబ్దం చేర్చి దానికి పేరు కూడా పెట్టాడనీ, కొన్నేళ్లకి అది నిజంగానే దొరికిందనీ భయం భయంగా చెప్పాను. సంస్కృతం అనగానే శిష్యులు మురిసిపోయారు కానీ తాతగారు ఆ సంగతి పట్టించుకోలేదు. పదం తోచకపోతే ఆగాలి తప్ప సొంత పదం కలపకూడదని వాళ్లని రోజూ కసిరే మనిషి ఆయన.

"తెలీని చోట ఆగేడా! నోటికొచ్చింది కలపలేదా!" అని, అలికిడి విని బయటికొచ్చిన నాన్నగారితో, "దీన్ని కాలేజీలో చేర్పించరా, తెలీని చోట ఆగే పెద్దవాళ్ల దగ్గరే చదువుతోంది" అన్నారు.

"ఆయ్" అన్నారు నాన్నగారు. నాకు ఏడుపొచ్చింది.

సెలవులకి వచ్చినప్పుడల్లా తాతగారు ఒకటే అడిగేవారు, ఇంకా ఖాళీలున్నాయా అని. పట్టిక చివర్లో ఉన్నాయండీ అంటే, ఉండనీ అని తృప్తిగా తల ఊపేవారు.

ఇప్పుడు వరసలన్నీ నిండిపోయాయట. మంచిదే, సంతోషమే. ఏది అడిగినా ఫోను క్షణంలో జవాబు చెబుతోంది, తెలియదు అనే మాట మా ఇంట్లో విని ఎన్నాళ్లయిందో. అందరికీ అన్నీ తెలిసిపోయిన ఈ రోజుల్లో, ఎందుకో, నాకు తాతగారి మీద బెంగగా ఉంది.