తడి దారం

మా మిల్లులో చేపల పందెం మొదలుపెట్టింది ఒక తెల్లదొర. నేను పనిలో చేరేనాటికి ఆయన వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఆయన రాయించిన నిబంధనల పలక మాత్రం పీలమేడులో కార్మికుల క్లబ్బు గోడమీద అలాగే ఉండేది. పౌండ్లు పోయి కిలోలు వచ్చిన కొత్తరోజులు అవి. పలకమీద మాత్రం పౌండ్లే. అందులో మూడో నిబంధన ఇది: పందేనికి తెచ్చిన దారం ఐదు పౌండ్ల బరువు కడితే తెగాలి. తెగకపోతే ఆ దారంతో గాలం వేయకూడదు. చేపకు కూడా తప్పించుకునే వీలుండాలని దొర ఉద్దేశమట.

మా ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఇది తలకెక్కలేదు. వాళ్ళు ఎండాకాలం చెరువులో నీళ్ళు తగ్గినప్పుడు బుట్టలతో చేపలు పట్టినవాళ్ళు. మా అవ్వ చనిపోయేదాకా నవ్వుతూనే ఉండేది. "తెగే దారం ఎతికి ఎతికి కట్టుకొని పోతారు. ఇంక పులుసు కాచేది ఎప్పుడు?" అనేది.

మా నాయనకు మాత్రం ఆ నిబంధనే ఇష్టం. బలమైన దారంతో లాగితే అది బరువు మోయడం, పందెం కాదు అనేవాడు. ఆయనది స్పిన్నింగు ఖాతా. పందెంలో చాలాసార్లు రెండోవాడుగా వచ్చాడు, కప్పు మాత్రం ఒక్కసారీ గెలవలేదు. పందెం పనిలో ఉన్నవాళ్ళకే. ఆ ఏడు ఆయనకు రిటైర్మెంటు. ఎండలు మొదలయ్యే తమిళ మాసి నెలలో చివరి ఆదివారం సింగానల్లూరు చెరువు దగ్గర జరిగేదే ఆయనకు ఆఖరి పందెం. పైకి ఏమీ అనలేదు కానీ, వారం ముందే అలమరలో మా అమ్మ చెంబులు జరిపి నడుమ చోటు చేశాడు.

దారం ఇంట్లోనే తయారయింది. నూలు అంగట్లో కొన్నదే. మిల్లు నూలు పోగు కూడా బయటికి రాదు, గేటు దగ్గర తడిమి చూస్తారు. పోగులు కలిపి పేనింది నేను. తుమ్మచెక్క కషాయంలో ఉడికించి నీడన ఆరబెట్టింది నాయన.

మిల్లులో నా పని నూలు బలం చూసే గదిలో. పందెం ముందురోజు అందరి దారాలూ ఆ గదికే వచ్చేవి. బరువు కట్టేది నేనే. నూలుకు తేమ తగిలితే లెక్క మారిపోతుందని మేము ప్రతిదీ బాగా ఆరనిచ్చి చూసేవాళ్ళం. గాలం దారాలనూ అలాగే చూశాను. నాయన దారం ఐదు పౌండ్లకు తెగింది. నేత ఖాతా మేస్త్రీ అప్పుడప్పుడే అంగళ్ళలోకి వచ్చిన నైలాను దారం తెచ్చాడు. అదీ తెగింది. ఇద్దరూ అర్హులే.

ఆదివారం పొద్దెక్కాక మేస్త్రీ గాలానికి పెద్ద చేప తగిలింది. గట్టు దాకా వచ్చి దారం తెంపుకుని పోయింది. కాసేపటికి నాయన గాలానికి కెండై చేప తగిలింది. వదులుతూ, లాగుతూ, నడుములోతు నీళ్ళలోకి దిగి, చివరికి దాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. తూకం వేస్తే ఏడు పౌండ్లు దాటింది. జనం చప్పట్లు కొట్టారు. మేస్త్రీ కొట్టలేదు. వచ్చి నాయన దారం వేళ్ళకు చుట్టుకుని చూశాడు.

"మామా, నీ దారం ఇంకోతూరి చూడాల."

"ఏల మాప్ళ? నీ చేప పాయెనని నా దారం మీద పడితివా?"

"రెండూ నిన్న ఒకే బరువుకు తెగినవి గదా. ఇయ్యాల నాది తెగె, నీది తెగలే. అది ఎట్ల?"

"నీకు లాగేది తెలీదు. అట్ల."

అందరూ నవ్వారు. క్లబ్బు సెక్రెటరీ నా వైపు తిరిగాడు. "ఏమక్కా, నిన్న బరువు కట్టింది నువ్వు దానే. సరిగా చూసినావా?"

"సరిగానే చూసినా," అన్నాను. "ఆరిన దారం చూసినా. తడిసింది చూడలే. పత్తి నూలు తడిస్తే బలం ఎక్కువ."

అక్కడున్న వాళ్ళలో ఇది తెలియనివాడు లేడు. స్పిన్నింగులో పోగు తెగకుండా రోజంతా గాలిలోకి నీటి తుంపర వదులుతారు. ఆ తుంపరలో తల తడుపుకుంటూ బతికినవాళ్ళే అందరూ. అయినా నీళ్ళలో ఆడే దారాన్ని ఏళ్ళ తరబడి ఎండబెట్టి చూశాం.

గట్టుమీది వేపకొమ్మకు ఆ తడి దారమే కట్టి, తూకపు రాళ్ళు వేలాడదీశారు. ఐదు పౌండ్లకు తెగలేదు. ఇంకో పౌండు కలిపినా తెగలేదు. సెక్రెటరీ నాయన పేరు కొట్టేశాడు. మేస్త్రీ చేతిలో చేప లేదు. చేప పడినవాళ్ళలో మిగిలింది క్యాంటీను గుమాస్తా ఒక్కడే, అతనిదీ నైలాను దారమే. జానెడు చేపపిల్లను పట్టి, ముఖం మీద తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్నాడు.

"లేపండ్రా వాన్ని," అన్నాడు మేస్త్రీ. "గెలిచినాడని చెప్పండి."

ఆ రోజు మా ఇంట్లో కెండై పులుసు. నాయన ఎప్పటిలాగే తిన్నాడు. నాతో మాత్రం మాట్లాడలేదు. నాలుగో రోజు షిఫ్టుకు ఇద్దరం కలిసి నడుస్తున్నప్పుడు నేనే అడిగాను.

"కోపమా నైనా?"

"ఆఁ."

"నేను చెప్పింది తప్పా?"

"తప్పని ఎవరు చెప్పిరి?" కొంత దూరం నడిచాక అన్నాడు. "వాడు దారం వేలికి చుట్టినప్పుడే నాకూ తోచె. నోరు తెరిచే లోపల నువ్వు చెప్పేస్తివి. నేను చెప్పుంటే, కప్పు నేను విడిచినట్ల. నువ్వు చెప్పితివి గదా, నా చేతిలోంచి పెరుక్కున్నట్ల ఆయె."

నిజంగా చెప్పి ఉండేవాడా అని నేను అడగలేదు. అంతకుముందు మేస్త్రీని వెక్కిరించి నలుగురినీ నవ్వించినవాడు ఆయనే. తరువాత చాలాసార్లు ఆలోచించాను. చెప్పేవాడనే అనుకుంటాను. కానీ రుజువు చేయడానికి అవకాశం లేకుండా పోయింది. నేను నిజమే చెప్పాను, అయితే ఆయన వంతు కూడా నేనే చెప్పాను.

మరుసటి ఏడు పలకమీద ఒక వాక్యం చేరింది: దారాన్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి చూడాలి. బరువు ఎవరు కడతారని సెక్రెటరీ అడిగితే నాయన పేరు చెప్పాను. ఆయన వచ్చాడు. ఒక్కొక్కరి దారమూ తొట్టిలోంచి తీసి, కొక్కేనికి తగిలించి, రాళ్ళు వేసేవాడు. తెగకపోతే మాత్రం ఏమీ అనేవాడు కాదు. దారం తెచ్చినవాడి ముఖం వైపైనా చూడకుండా, చేతులు తుడుచుకుంటూ అలా నిలబడి ఉండేవాడు. చివరికి వాడే, "తెగలే మామా," అనేవాడు.

"సరి," అని నాయన దారం విప్పి వాడి చేతికిచ్చేవాడు.