పిలిచినాడు కాదమ్మా, పిలిచింది

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో అందరికన్నా ముందు నవ్వేది నేనే. మా చిన్నత్తకు గాలి సోకిందని ఎవరో మంత్రగాణ్ణి పిలిపిస్తే, ఆమెకు సోకింది గాలి కాదు, ఒంట్లో రక్తం లేదని గొడవపడి రాయచోటి ఆసుపత్రికి తీసుకుపోయిన దాన్ని. రక్తం ఎక్కించాక గాలీ లేదు, ధూళీ లేదు. ఇప్పటికీ ఎవరైనా అలాంటివి చెబితే చెవిన పెట్టను. కాబట్టి ఇది చదివి నన్ను పిరికిదాన్నని అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కువైట్‌లో, ఎగైలాలో ఒక ఇంట్లో పాపను చూసుకునే పని నాది. పాప పేరు దానా. వాళ్ళ భాషలో దానా అంటే ముత్యం. నెలల పిల్లగా నా చేతికి వచ్చింది. ఇంటావిడను ఇక్కడ పనిచేసే వాళ్ళందరూ పిలిచినట్టే నేనూ మామా, అంటే అమ్మా, అనేదాన్ని, ఇంటాయనను బాబా అని. నన్ను చూసి పాప కూడా తల్లిని మామా అనే పిలిచేది.

నాలుగేళ్ళు వచ్చేసరికి దానా అరబ్బీ కన్నా తెలుగు ఎక్కువ మాట్లాడేది. అదీ మా పక్క తెలుగు. అన్నం తినమంటే "నాకొద్దు పో" అని మూతి తిప్పేది. అయితే ఒకటే తప్పు, ఆడా మగా తేడా తెలిసేది కాదు. పిల్లిని "వచ్చినాడు" అనేది, బాబాను "పోయింది" అనేది. నేను దిద్దుతూ ఉండేదాన్ని. నేను పెంచిన పిల్ల తెలుగు తప్పు మాట్లాడితే నాకు నామోషీ కదా!

వేసవిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇల్లంతా నిద్రపోయేది. ఎండ అలాంటిది. మామా పై అంతస్తులో, నేనూ పాపా కింద వంటింటి పక్క గదిలో. ఒకరోజు నేను బట్టలు ఇస్త్రీ చేస్తుంటే పాప లేచి కూర్చుంది.

"మామ పిలిచినాడు" అంది.

"పిలిచినాడు కాదమ్మా, పిలిచింది" అన్నాను, చేతిలో ఇస్త్రీపెట్టె దింపకుండానే.

ఎత్తుకుని పైకి తీసుకుపోయాను. మామా తలుపేసుకుని గాఢంగా నిద్రపోతోంది. తట్టి లేపినందుకు నాకే అక్షింతలు పడ్డాయి. "నేనెందుకు పిలుస్తాను, పిల్లను పడుకోబెట్టడం కూడా చేతకాదా?" అంది.

తర్వాత అది అలవాటైపోయింది. మధ్యాహ్నం లేవడం, మామ పిలిచినాడు అనడం, పైకి కాకుండా వెనక వాకిలి వైపు నడవడం. నేను మాట దిద్దడం, మళ్ళీ పడుకోబెట్టడం. కలగంటోంది లెమ్మనుకున్నాను.

వెనక బట్టలారేసే చోట వీధిలోకి ఒక ఇనుప తలుపు ఉంది. ఒకసారి చూస్తే పాప ఆ తలుపుకు అరచెయ్యి ఆనించి నిలబడి మాట్లాడుతోంది. కాసేపు మాట్లాడి ఆగుతోంది, ఫోన్‌లో అవతలి వాళ్ళు చెప్పేది విన్నట్టు. మళ్ళీ మాట్లాడుతోంది. ఆ ఎండలో ఆ ఇనుము ముట్టుకుంటే తోలు ఊడొస్తుంది. పరుగెత్తి చెయ్యి లాగి చూశాను. కాలలేదు సరికదా, అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెలా చల్లగా ఉంది. తలుపు తీశాను. వీధిలో ఎవరూ లేరు. పక్కింటి వాళ్ళ కారు గుడ్డ కప్పుకుని ఉంది, అంతే.

"మామ మెడ మీద చేప ఉంది" అంది పాప, నా భుజం మీద తల పెట్టి.

"మెడ మీద కాదు, మెడలో" అన్నాను. మామా గొలుసుకు ముత్యాన్ని నోట పట్టుకున్న చిన్న బంగారు చేప ఉండేది. పాప పుట్టినప్పుడు బాబా చేయించింది. నేను దాని గురించే అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు.

ఇలా ఉండగా బాబాకు అమెరికాలో చదువుకోవడానికి సీటు వచ్చింది. రెండేళ్ళు. ఇంటిల్లిపాదీ పోవాలి, పాప కోసం నేనూ పోవాలి. ఆ కాలేజీ ఏ పెద్ద ఊళ్ళోనో కాదు, చుట్టూ మొక్కజొన్న పొలాలే ఉన్న పల్లెటూరి జిల్లాలో. దాన్ని వాళ్ళు కౌంటీ అంటారట. బాబా ఆన్‌లైన్‌లో ఒక ఇల్లు ఖాయం చేశాడు. తెల్లటి చెక్క ఇల్లు, ముందు ఆకుపచ్చ వరండా, దగ్గర్లో ఇంకో ఇల్లు లేదు. ఫొటో చూసి మామా మురిసిపోయింది.

అక్కడ చదివొచ్చిన ఆమె చెల్లెలు ఒకతె ఫోన్ చేసి ఒక మాట చెప్పింది. పిల్లల మీద అఘాయిత్యం చేసి శిక్షపడిన వాళ్ళ పేర్లు, ఫొటోలు ఆ దేశంలో అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెడతారట. ఇంటి చిరునామా కొడితే చుట్టుపక్కల ఎవరున్నారో చూపిస్తుందట. చంటిపిల్లతో పోతున్నారు, ముందు అది చూడమంది.

ఆ సాయంత్రం నేను చాయ్ తీసుకుపోయేసరికి మామా ట్యాబ్ ముందేసుకుని కూర్చుంది. "కూర్చో సుజాతా, నువ్వూ ఉండబోయే ఊరే కదా" అంది. చిరునామా కొట్టింది. మ్యాపంతా పచ్చగా ఖాళీ. పల్లె కాబట్టి అలాంటి వాళ్ళ ఇళ్ళను చూపించే చుక్కలు ఎక్కువ లేవు, అక్కడొకటి ఇక్కడొకటి. ఒక్కటి మాత్రం మా తెల్ల ఇంటి వెనక రోడ్డు మలుపులో ఉంది. మామా "యా రబ్బీ" అని దేవుణ్ణి తలుచుకుని దాని మీద నొక్కింది.

ఒక ముసలాయన ఫొటో వచ్చింది. నెరిసిన గడ్డం, గళ్ళ చొక్కా, గొంతు దాకా గుండీలు. చూస్తే ఎవరి తాతో అనిపించే ముఖం.

దానా బిస్కెట్ తింటూ వచ్చి మా ఇద్దరి మధ్య దూరింది. ఫొటో మీద వేలు పెట్టింది.

"మామ" అంది.

"నఅమ్, యా రూహీ" అంది మామా, ఏమ్మా నా ప్రాణమా అన్నట్టు, తననే పిలుస్తోందనుకుని.

పాప తల్లి వైపు చూడనైనా లేదు. వేలు తియ్యకుండా మళ్ళీ అంది, "మామ." మామా నవ్వుతూ మళ్ళీ పలికింది.

అప్పుడు తట్టింది నాకు. చందమామ అనీ, ఊళ్ళో మా తమ్ముడి ఫొటో చూపించి మామ అనీ ఆ పిల్లకు నేర్పింది నేనే. ఇన్నాళ్ళూ పాప పిలిచినాడు అంటే, తల్లి గురించి చెబుతూ మాట తప్పుతోందని దిద్దుతూ వచ్చాను. పాప తప్పు అనలేదేమో. ఎవరో మగమనిషి గురించే చెబుతోందేమో.

మామా పేజీ కిందికి జరిపింది. ఎత్తు, బరువు, కళ్ళ రంగు రాసి ఉన్నాయి. దాని కింద ఒంటి మీద గుర్తులు. మెడకు ఎడమ పక్క పచ్చబొట్టు, చేప. ఫొటోలో మెడ కనపడటం లేదు, చొక్కా కప్పేసింది. మామా అది దాటిపోయింది. నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

పాపకు స్నానం చేయిస్తూ మెల్లగా అడిగాను. "ఆ ఫొటోలో ఎవరమ్మా?"

"మామ."

"మామా పైన ఉంది కదా?"

"ఆ మామా కాదు. తలుపు మామ."

"ఏమంటాడు?"

"అమ్ములూ, ఇల్లు చూపిస్తా రా అంటాడు."

ఆ ఇంట్లో పాపను అమ్ములూ అని పిలిచేది నేనొక్కదాన్నే.

పక్కింట్లో పనిచేసే రమణక్కది రాజంపేట. చెత్త వెయ్యడానికి బయటికి వచ్చినప్పుడు ఆమెకు చెప్పాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా సుజాతా? పాపకు ఎవడో కనపడ్తాండాడని నువ్వు చెప్తే, నువ్వే ఏదో చేయించినావంటారు. సిహ్ర్ అనే మాట వచ్చిందా, ఖలాస్. జైల్లో ఏసి, ఆడినుంచి ఆడికే విమానం ఎక్కిస్తారు. నోరు మూసుకోని నీ పని నువ్వు చేసుకో."

సిహ్ర్ అంటే చేతబడి. ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఊళ్ళో నా కూతురి కాలేజీ చదువు నా జీతం మీదే నడుస్తోంది. నోరు విప్పితే నా బతుకు పోతుంది. విప్పకపోతే పాప ఆ ఇంటికి పోతుంది.

ముందు సగం చెప్పి చూశాను. మామా, ఆ మనిషి అంత దగ్గర్లో ఉన్నాడు, ఇంకో ఇల్లు చూడమనండి అన్నాను. బాబాతో మాట్లాడింది. ముసలాడు, ఎప్పటిదో నేరం, తలుపులకు తాళాలుంటాయి కదా అన్నాడట ఆయన. ఇల్లు అదే ఖాయమంది. సామాన్లు సర్దడం మొదలైంది.

ఇక ఉండలేకపోయాను. ఒకరోజు పొద్దున బాబా ఆఫీసుకు పోయాక మామా ఎదురుగా నేల మీద కూర్చుని, మధ్యాహ్నాల సంగతి, తలుపు సంగతి, అమ్ములూ సంగతి అంతా చెప్పేశాను. ఏడుపొచ్చేసింది. ఫొటో చూడకముందే పాప "మెడ మీద చేప ఉంది" అందని చెప్పగానే, ఆమె చెయ్యి దానంతటదే తన గొలుసు మీదికి పోయింది. ట్యాబ్ తీసి ఆ పేజీ మళ్ళీ చదివింది. సిహ్ర్ అనే మాట ఎప్పుడొస్తుందా అని నేను ఆమె నోటి వంకే చూస్తున్నాను.

ఆమె ఆ మాట అనలేదు. ఆ రోజే బాబాతో గట్టిగా పోట్లాడి ఆ ఇల్లు వద్దనిపించింది. టౌన్ నడిబొడ్డున అపార్ట్‌మెంట్ తీసుకున్నారు. కానీ ఆ రాత్రి నుంచి పాపను నా గదిలో పడుకోనివ్వలేదు. తర్వాత నా వీసా రాలేదని చెప్పారు. నిజంగా రాలేదో, అసలు అడగనే లేదో నాకు తెలియదు. విమానాశ్రయానికి పోయే కారులోంచి దానా నా కోసం చేతులు చాచి ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఇప్పుడు కువైట్‌లోనే ఫర్వానియాలో ఒక పెద్దావిడను చూసుకుంటున్నాను. అప్పుడప్పుడు ఫోన్‌లో ఆ మ్యాప్ తెరిచి చూస్తాను. ఆ చుక్క అక్కడే ఉంది, ఎటూ కదల్లేదు. ఎక్కడో మొక్కజొన్న పొలాల మధ్య ఉన్న మనిషి ఎగైలాలో ఇనుప తలుపు దగ్గరికి ఎలా వచ్చాడు? చొక్కా కింది చేప నాలుగేళ్ళ పిల్లకు ఎలా తెలిసింది? ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా నాకు అంతు చిక్కలేదు.

మామా మంచి మనిషి. శుక్రవారాల్లో పాప చేత నాకు వాయిస్ మెసేజ్‌లు పెట్టిస్తుంది. దానా తెలుగు మెల్లమెల్లగా అరిగిపోతోంది, సగం ఇంగ్లీషే. మొన్న శుక్రవారం పక్కింటి కుక్కపిల్ల గురించి ఏదో చెబుతూ చెబుతూ ఆగింది. ఆ ఆగడం నాకు తెలుసు. తర్వాత మంచి తెలుగులో అంది, "మామ పిలిచింది. పోతాండా."

వెంటనే మామాకు ఫోన్ చేశాను. ఆమె బజార్లో ఉంది. తను పిలవలేదంది. ఎందుకు అని కూడా అడగలేదు, ఫోన్ పెట్టేసి ఇంట్లో ఉన్న బాబాకు చేసింది. పాప వంటింటి వెనక తలుపు దగ్గర ఆడుకుంటోందట. తలుపు తాళం వేసే ఉందట.

ఆ సాయంత్రం వీడియోలో పాప ముఖం చూసేదాకా నాకు ముద్ద దిగలేదు. నవ్వుతోంది, ముందు పన్ను ఊడింది. "బంగారూ, ఇందాక మామ పిలిచింది అన్నావే, పిలిచిందా, పిలిచినాడా? సరిగ్గా చెప్పమ్మా" అని అడిగాను.

దానా నన్ను చూసి, నేను తనకు చెప్పినట్టే వేలు ఊపుతూ అంది. "పిలిచినాడు కాదు, పిలిచింది. నువ్వే చెప్పినావు గదా."