తెల్ల పట్టుచీరలో స్కాలర్‌షిప్పు ఇంటర్వ్యూ

మొన్న ఆదివారం మా మనవరాలు చర్చి నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఫోను పట్టుకుని నా పక్కన కూలబడి, "అమ్మమ్మా, మన కష్టాలేంటో రెండు నిమిషాల్లో చెప్పాలంట, వీడియో తీసి పంపాలంట," అంది. మూడు వారాలుగా ఈ స్కాలర్‌షిప్పుల వేటలో పడి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదు. దాని తండ్రి, అంటే మా అల్లుడు, బెంజ్ సర్కిల్ దగ్గర చిన్న జిరాక్సు షాపు నడుపుకునేవాడు; పోయినేడు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక ఆ షాపు మూతపడింది. పిల్ల వ్యవసాయ డిగ్రీ మంచి మార్కులతో పాసై, పై చదువుకి పక్క రాష్ట్రంలో సీటు తెచ్చుకుంది. నెలాఖరులోగా ఫీజు కట్టకపోతే ఆ సీటు ఇంకెవరికో పోతుంది, ఇదేమో విత్తనాల కంపెనీ సంచీ భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగే ఉద్యోగానికి పోతుంది. నా పెన్షను ఇంటద్దెకీ మందులకీ సరిపోతే అదే గొప్ప.

ఎంత వెతికామో చెబితే నా ఈడువాళ్ళకి నమ్మకం కలగదు. ఒకప్పుడు ఇలాంటివి ఉన్నాయని తెలియక చదువులు ఆగిపోయేవి. ఇప్పుడు తెల్లారి లేచేసరికి ఫోను నిండా అవే. అయినవాళ్ళూ కానివాళ్ళూ అందరూ ప్రేమగా పంపుతారు, తీరా నొక్కి చూస్తే ఒకటి పోయినేడే ముగిసిపోయినది, ఇంకొకటి వేరే రాష్ట్రం వాళ్ళకి, మరొకటి ఇంజనీరింగు పిల్లలకి మాత్రమే. అన్నీ కుదిరినట్టు కనిపించిన దానికి సగందాకా నింపాక, ఏదో అంకె ఫోనుకి వస్తుంది చూసి కొట్టమంటుంది, అది రాదు, వచ్చేసరికి పేజీ మూసుకుపోతుంది, మళ్ళీ పేరు దగ్గర్నుంచి మొదలు. ఇవ్వాలనే ఉంటే ఇంతమందిని ఇన్నిసార్లు ఏడిపించడమెందుకని నాకు ఒళ్ళు మండిపోయేది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక పాపం ఆ ఫోను మీదే చూపించేదాన్ని.

చివరికి దొరికిన ఒక్కగానొక్క దానికి ఈ వీడియో మెలిక ఉంది. సందేహాలుంటే అడగమని ఇచ్చిన నంబరుకి నేనే ఫోను చేశాను. అటు నుంచి ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, "ఇల్లు కొంచెం కనపడేట్టు తీయండి మేడమ్, మరీ నీట్‌గా రెడీ అవ్వొద్దని చెప్పండి, ఎమోషనల్‌గా మాట్లాడితే సెలెక్ట్ అయ్యే ఛాన్స్ ఎక్కువండీ," అంది. సరేనమ్మా అని ఫోను పెట్టేశాను గానీ, ఆ మాటతో దాదాపు యాభై ఏళ్ళ కిందటి తెల్ల పట్టుచీర ఒకటి నా కళ్ళముందుకొచ్చి నిలబడింది, ఇప్పటికీ కదలడం లేదు.

మాది పామర్రు దగ్గర పల్లెటూరు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు, అమ్మ నాట్లకీ కలుపులకీ వెళ్ళి నన్ను చదివించింది. నేను ఇంటరు ఫస్టు క్లాసులో పాసైన ఏడు, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి పాస్టరు అయ్యగారు ప్రకటనలు చదువుతూ, బెజవాడలో ఎవరో ధర్మాత్ములు బీద విద్యార్థులకి డిగ్రీ పూర్తయ్యేదాకా ఫీజూ హాస్టలూ భరిస్తున్నారనీ, మన సంఘంలో అర్హత ఉన్నది ఒక్కతేననీ చెప్పి నా వైపు చూశారు. స్కాలర్‌షిప్పు కోసం వెతకడమంటే నాకు అంతే, బల్ల మీద కూర్చుని తలెత్తడం. కరణంగారు మాకు సెంటు భూమి కూడా లేదని కాగితం రాసిచ్చారు. ఇంటర్వ్యూకి రమ్మని కార్డు వచ్చిన రోజున మా పేటలో పెళ్ళి కుదిరినంత సందడి.

ఇక నన్ను ఎలా పంపాలన్న దాని మీద చర్చ. నాకున్నవి రెండు లంగా ఓణీలు, రెంటికీ మాసికలే. వాటితో పెద్దమనుషుల ముందు నిలబెడితే తండ్రి లేని పిల్లని తల్లి గాలికొదిలేసిందనుకుంటారని అమ్మ భయం. మా పిన్ని ట్రంకు పెట్టె అడుగు నుంచి తన పెళ్ళినాటి తెల్ల పట్టుచీర తీసింది. సన్నటి జరీ అంచు, నాఫ్తలీను ఉండల వాసన. నేను అంతకుముందు చీర కట్టిందే లేదు. అమ్మ నాట్లు వేసే పొలం ఆసామి గారి భార్య ఈ కబురు విని, అడక్కుండానే తన మెడలోని రెండు పేటల గొలుసు తీసి, "బోసి మెడతో ఎట్టా పంపుతావే పిల్లని, బంగారమంటి పిల్లని?" అని అమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ మా గుమ్మం తొక్కిన మనిషి కాదు, మేమూ వాళ్ళ వసారా దాటి ఎరగం. అలాంటిది ఆ గొలుసు మాత్రం మా ఇంటికి వచ్చింది. అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని ఏడ్చింది.

ఆ రోజు ముసురు. పొలం గట్ల మీద బురద. పట్టుచీరని మోకాళ్ళ దాకా ఎగగట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, నేను అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుంటే పిన్ని వెనకనుంచి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని రోడ్డు దాకా వచ్చింది. అక్కడ కాలవలో కాళ్ళు కడుక్కుని అమ్మా నేనూ బస్సెక్కాం. బస్సులో దొంగలుంటారని అమ్మ గొలుసుని తన కొంగున ముడేసుకుని, ఆ ముడిని పిడికిట్లో పెట్టుకుని బెజవాడ దాకా కిటికీలోంచి బయటికైనా చూడలేదు. ఆ ఆఫీసు మెట్ల దగ్గర ముడి విప్పి నా మెడలో వేసి, "అడిగి తెచ్చుకున్నామని ఎవరికీ చెప్పమాకు, ఆవిడ పరువు, మన పరువు," అంది.

వరండాలో బెంచీ మీద నా పక్కన హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన పిల్ల కూర్చుంది. వెలిసిపోయిన ఓణీ, చేతులకి రెండేసి మట్టిగాజులు. వీళ్ళ పేటలో అరువిచ్చే దిక్కు కూడా లేదు కాబోలునని దాని మీద జాలిపడ్డాను. లోపల ముగ్గురు పెద్దమనుషులు. నా మార్కుల గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు. మధ్యలో కూర్చున్నాయన నా చీరనీ గొలుసునీ చూసి, కరణంగారి కాగితం చూసి, మళ్ళీ గొలుసు చూసి, పక్కాయనతో, "వీటికేముందిలెండి, అడిగితే ఎవరికైనా రాసిస్తారు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "గొలుసు బాగుందమ్మా, మీదేనా?" అన్నాడు. మెట్ల దగ్గర అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. తల దించుకుని ఊరుకున్నాను. వెళ్ళి రమ్మన్నారు.

ఆ స్కాలర్‌షిప్పు హనుమాన్ జంక్షన్ పిల్లకి వచ్చింది. నేను పామర్రులో టైపు నేర్చుకుని, ఇరిగేషన్ ఆఫీసులో టైపిస్టుగా చేరి, డిగ్రీ ప్రైవేటుగా ముక్కీ మూలిగీ కట్టుకున్నాను. లెక్కల్లో పై చదువులు చదివి కాలేజీలో పాఠాలు చెప్పాలనుకున్న దాన్ని, కాలవ లెక్కలు టైపు చేస్తూ రిటైరయ్యాను. అమ్మకి మాత్రం అసలు సంగతి ఎప్పటికీ బోధపడలేదు. జరీ అంచు ఇంకాస్త పెద్దదైన చీర అడిగి తెచ్చి ఉండాల్సిందని పోయేదాకా నొచ్చుకుంది. చీర వల్లే పోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక బ్యాంకులో కౌంటరు వెనక కూర్చున్నావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఆ పట్టుచీర పిల్లవి నువ్వే కదూ?" అంది. ఆవిడే ఆ పిల్ల. మంచి మనిషి, నాతో కలిసిపోయింది. వాళ్ళ నాన్నకి అప్పట్లోనే రెండు లారీలున్నాయట. ఇంటర్వ్యూ రోజున ఆయన బీరువాకి తాళం వేసి, ఇంట్లో పని చేసే అమ్మాయి ఓణీ కట్టుకెళ్ళమన్నాడని చెప్పి పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. కోపం ఇంటికొచ్చాక వచ్చింది. ఆవిడ మీద కోపం కాదు, వాళ్ళ నాన్న మీద కూడా కాదు. ఒక్క మాట మెత్తగా మళ్ళీ అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో, అది అడగని ఆ మధ్యలో కూర్చున్నాయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇదంతా తలుచుకుంటూ కూర్చుంటే, మనవరాలు హాల్లో పెచ్చులూడిన గోడ దగ్గర ఫోను నిలబెట్టుకుని సిద్ధమైంది. అది బోసి మెడతో నిలబడి ఉంటే నా చెయ్యి దానంతటదే నా మెడలోని గొలుసు కొక్కెం మీదికి పోయింది. అంతలో పిల్ల ఫోనులో తన మొహం చూసుకుని, చెవుల కమ్మలు రెండూ తీసి నా అరచేతిలో పెట్టి, "పట్టుకో అమ్మమ్మా, ఇవి కనపడితే ఇవ్వరు," అంది. మా అల్లుడి షాపు బాగా నడిచే రోజుల్లో చేయించిన కమ్మలు అవి. ఫోనులో ఆ అమ్మాయి అన్న మాట నేను దానికి చెప్పలేదు, ఈ సంగతి ఎవరూ నేర్పలేదు. తర్వాత తొణక్కుండా మాట్లాడింది, మాట్లాడుతూ ఫోనుని తండ్రి మంచం వైపు తిప్పింది. మా అల్లుడు, మాట సరిగా రాని ఆ మనిషి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

వీడియో వెళ్ళింది. ఇస్తారో లేదో ఇంకా తెలియదు, పరిశీలనలో ఉందని రోజూ చూపిస్తోంది. నాకు ఇవ్వనివాళ్ళూ వీళ్ళూ చూసేది మనిషి ఒంటి మీద ఏముందో అన్నదేనని నాకు అనిపిస్తుంది. కానీ అప్పుడు నా వెనక ఒక పేట ఉండేది. ఉన్నదంతా తీసి నా మీద పెట్టి, లేమి ఎవరి కంటా పడకుండా నన్ను దాచుకుని పంపింది. స్కాలర్‌షిప్పు రాకపోయినా ఆ పొద్దు నేను తలెత్తుకునే మెట్లెక్కాను. ఇప్పుడు ఇంటి తలుపులు మేమే తెరిచి, మంచాన పడ్డ మనిషితో సహా చూపించాం.

పిల్ల నా ముందుకొచ్చి కమ్మలు పెట్టమని చెవి ఇచ్చింది. ఎంతసేపటికీ నా వేళ్ళకి సీల అందలేదు. మా అమ్మ ఉండి ఉంటే ఆ వీడియో చూసి ఏమనేదో నాకు తెలుసు. పెద్దవాళ్ళ ముందు బోసి చెవులతో ఎందుకు నిలబెట్టావే దాన్ని అనేది. ఆవిడకి ఏమని చెప్పుకోను?